పడుకోబెట్టిన తాటిచెట్టు

అరవై అడుగుల తాటిచెట్టును నేలమీద పడుకోబెట్టింది మీరే. గాలివాన కాదు, పిడుగు కాదు, రోడ్డు వెడల్పు చేయడానికొచ్చిన బుల్‌డోజరు కాదు. ఏసీ గదిలో కూర్చుని, జీడిపప్పు బిస్కెట్లు నములుతూ, సంతకాలు పెట్టి మరీ పడుకోబెట్టారు. సంతృప్తి ప్లేవర్క్స్ వారూ, నేను కోపంతో రాస్తున్నానని మీరంటారు. అవును, కోపంతోనే రాస్తున్నాను. కానీ ఒక్క ముక్క కూడా పెంచి రాయను. పెంచడానికి మీరు చోటెక్కడ మిగిల్చారు?

జరిగింది ఇది.

హనుమకొండలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం పైన మాకో గది ఉంది. అందులో ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేస్తాం. అసలు మనిషి బుర్ర స్వరూప. ఆమె చెప్పింది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసేవాణ్ణి నేను, సదానందం. ఇంకో ఇద్దరు బొమ్మలూ చప్పుళ్లూ చూసుకుంటారు. స్వరూప నాన్న సాంబయ్య ముప్పై రెండేళ్లు తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. ఒకనాడు పడ్డాడు. తుంటి విరిగింది, లోపల రాడ్ వేశారు. ఇప్పుడు చేతికర్ర లేకుండా గడప దాటలేడు.

ఆయన చెట్టెక్కడాన్ని ఆటగా చేద్దామంది స్వరూప. పేరు 'మోకు'. గీత కార్మికుడు తననూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడే మోకు. ఆడేవాడు ఎడమ బొటనవేలితో మోకును పైకి జరపాలి, కుడి బొటనవేలితో కాళ్లు ఎత్తాలి. రెండూ ఒక్క లయలో సాగాలి. లయ తప్పితే పడతాడు. పైన మట్టలు మొదలయ్యే చోట మోకును ఒక్క క్షణం వదులుచేసి మట్ట మీదుగా దాటించాలి. మొదటి మట్ట దాటొచ్చు, రెండోది దాటొచ్చు. మూడో మట్ట దగ్గర అందరూ పడతారు. నేనే తయారుచేశాను, నేనూ పడ్డాను.

ఎక్కే ముందు ఇంకోటుంది. సాంబయ్య ఏ రోజూ చెట్టుకు మొక్కకుండా ఎక్కలేదు. కాబట్టి ఆటలో కూడా రెండు బొటనవేళ్లూ పక్కపక్కన ఆనించి, మూడు లెక్కపెట్టేంతసేపు ఊరుకోవాలి. అప్పుడే చెట్టు ఎక్కనిస్తుంది.

సాంబయ్య చేతులకు కదలికలు పసిగట్టే పట్టీలు కట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ చేతులు కదిలే తీరంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాం. కాళ్లు ఆయన కదపలేడు గనక పట్టీలు నా కాళ్లకు కట్టారు. అందుకే సాంబయ్య అనేవాడు: "చేతులు నాయి, కాళ్లు సదానందానియి. పడకేం జేస్తడు?"

పట్టీలు కట్టించుకునే ముందు ఆయన కూతురి దగ్గర ఒక్క మాట తీసుకున్నాడు. "ఏమన్న మార్చుకో బిడ్డా. పడేది మాత్రం తియ్యొద్దు." స్వరూప సరేనంది. ఈ కథంతా ఆ సరే గురించే.

ఆట తయారుచేసేది మేమైనా, దాన్ని ఊళ్లోకి పంపేది ప్రచురణ సంస్థ. సంతృప్తి ప్లేవర్క్స్ వారు ఆట చూసి మెచ్చుకుని ఒప్పందం పంపారు. ముప్పై పేజీలు. పంతొమ్మిదో పేజీలో 'తుది ఉల్లాస నిర్ణయాధికారము ప్రచురణకర్తదే' అని ఒక వాక్యం ఉంది. ఉల్లాసం మీద ఎవడైనా గొడవపడతాడా అనుకుని సంతకం పెట్టాం. బుద్ధి తక్కువై పెట్టాం.

మొదటి సమావేశం హైదరాబాదులో, వాళ్ల అద్దాల మేడలో. ఎదురుగా కొచ్చెర్లకోట విశ్వంభర్ గారు. హోదా: ఉపాధ్యక్షులు, క్రీడాకారుల మనోభావ పరిరక్షణ విభాగం.

"మీ ఆట మా సంస్థ హృదయాన్ని తాకింది," అన్నారాయన. "అయితే ఒక చిన్న పరిశీలన. మా పరీక్షకులు సగటున పంతొమ్మిది పర్యాయములు పతనమునకు లోనైనారు."

"పడ్డారు," అన్నాను.

"పతనమునకు లోనైనారు," అని నన్ను సరిదిద్దారు. "దీనివల్ల ఉల్లాస సూచికి విఘాతం కలుగుతోంది. ఈ ఏడాది మా సంస్థ శూన్య పతన విధానమును స్వీకరించినది. మా క్రీడాకారుడు ఏ ఆటలోనూ, ఏ కారణం చేతనూ, ఓటమిని అనుభవించరాదు."

"సార్, అది తాటిచెట్టు," అంది స్వరూప. "చూసుకోకపోతే పడతారు."

"అమ్మా, మీరు అపార్థం చేసుకుంటున్నారు. ఎక్కడం మీద మాకు అభ్యంతరం లేదు. దిగడం మీద కూడా లేదు. దిగే వేగం మీద మాత్రమే."

చెట్టును ఇరవై అడుగులకు కత్తిరించమన్నారు. కత్తిరించాం. పరీక్షకులు ఇరవై అడుగుల నుంచి పడ్డారు. ఆరడుగులు చేయమన్నారు. ఆరడుగుల నుంచి పడ్డారు. మూడడుగులు చేశాం. ఇప్పుడు మనిషి చెట్టు కంటే రెండున్నర అడుగులు పొడుగు. మోకు చుట్టాలంటే నడుం వంచాలి. వంగబోయి ఒక పరీక్షకుడు ముందుకు బోర్లా పడ్డాడు. ఆ సంగతి మాకు ఎర్ర అక్షరాల ఉత్తరంలో తెలియజేశారు.

సాంబయ్య ఆ మూడడుగుల చెట్టును చూసి, "ఇది తాటిచెట్టా, తులసిచెట్టా? నీళ్లు వోసి పూజ జెయ్యాల్నా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంకా నవ్వే దశలోనే ఉన్నాం.

తర్వాత సంస్థ వారు శామీర్‌పేట వైపు ఒక రిసార్టులో మూడు రోజుల మేధోమథనం పెట్టారు. ముప్పై నలుగురు నిపుణులు కూర్చుని తేల్చిన సంగతి మాకు మెయిల్లో వచ్చింది: 'పతనమునకు మూలకారణము ఎత్తు అని నిర్ధారణ అయినది.' కింద పరిష్కారం కూడా ఇచ్చారు. దాని పేరు క్షితిజ సమాంతర ఆరోహణము. అంటే చెట్టును పడుకోబెట్టి ఎక్కడం.

నేను ఫోన్ చేశాను. "సార్, చెట్టు పడుకుని ఉంటే దాని మీద పాకుతాం. ఎక్కడం ఎట్లా అవుతుంది?"

"మొదలు నుంచి చివరకు చేరుతున్నారా లేదా?" అన్నారు విశ్వంభర్ గారు.

"చేరుతున్నాం."

"అదే ఆరోహణము. దిశ అనేది దృక్పథానికి సంబంధించిన విషయం."

పడుకోబెట్టాం. పరీక్షకుల్లో ఒకావిడ పాకుతూ పాకుతూ పక్కకు దొర్లింది. ఎనిమిది అంగుళాల పతనం. మళ్లీ ఎర్ర అక్షరాలు. చెట్టును నేలలో పూడ్చి, పైభాగం నేలతో సమానంగా కనబడేలా చేయమన్నారు. పూడ్చాం. ఈలోగా వాళ్ల న్యాయ విభాగానికి హఠాత్తుగా కల్లు గుర్తొచ్చింది. అది మద్యమట. ఆటలో చెట్టు పైన కట్టిన కల్లు కుండలో, అంటే లొట్టిలో, కొబ్బరినీళ్లు పెట్టమన్నారు. తాటిచెట్టుకు కొబ్బరినీళ్లేమిటని అడిగితే లొట్టి ఖాళీగా ఉంచమన్నారు. ఖాళీ లొట్టి నిరాశకు సంకేతమని మనోభావ విభాగం అడ్డుపడింది. లొట్టి ఎత్తేశాం.

ఆ ఆదివారం సాంబయ్య కర్ర టకటకలాడిస్తూ మెట్లెక్కి మా గదికొచ్చాడు. స్వరూప చూపించక తప్పలేదు.

"చెట్టేది బిడ్డా?"

"ఇగో నాయినా. ఈ నల్లగ కనవడేదే."

ఆయన ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. "కొట్టేసిన్రా?"

"కొట్టెయ్యలే. పండవెట్టిన్రు."

"ఎందుకు?"

"మనిషి పడకుంట."

ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు. కింద దుకాణంలో ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీయో మిషన్లో నుంచి చప్పుడు చేస్తూ బయటికొస్తోంది.

"ముప్పై రెండేండ్లల్ల నేను ఒక్కనాడు పడ్డ," అన్నాడాయన. "అందరు గదే జెప్తరు, సాంబడు పడ్డడని. మిగిలిన దినాలన్ని పడలే గద? గదేనే నా పని. ఎక్కుడు కాదు, పడకుంట ఉండుడు. పడే సందే లేకపాయె. ఇగ నేను పొద్దుగాల పొద్దుమీకి ఏం పని జేసినట్టు? నిచ్చెన మోసినట్టా?"

స్వరూప తల ఎత్తలేదు.

"నాకు మాటిచ్చినవ్ స్వరూపా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కర్ర అందుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు. దిగేటప్పుడు ఎవర్నీ పట్టుకోనివ్వలేదు.

మర్నాడే హైదరాబాదు వెళ్లాం. స్వరూప చర్చలకు వెళ్లలేదు, కొట్లాటకు వెళ్లింది.

"సార్, ఆట వెనక్కిచ్చేయండి. మేం ఇంకెక్కడైనా వేసుకుంటాం."

"అట్లా అనకూడదమ్మా. ఇది మన ఉభయుల శిశువు."

"శిశువైతే మరి నడక నేర్చేటప్పుడు పడదా సార్?"

విశ్వంభర్ గారు ఆలోచనలో పడ్డారు. డైరీ తీసి, "చాలా విలువైన సూచన," అంటూ రాసుకున్నారు. నేను తలకిందులుగా చదివాను: 'శిశువులు పడుచున్నారు. ప్రత్యేక విధానము రూపొందించవలెను.'

ఆట వెనక్కివ్వలేదు, విడుదల చేశారు. ఆఖరి నిమిషంలో ఇంకో మార్పు చేశారు. పూడ్చిన చెట్టు మీద నడవడానికి ఒక మీట నొక్కాలి కదా, ఎవరో ఆ మీటకు బదులు పక్కన నొక్కి చిన్నబుచ్చుకున్నారట. మీట తీసేశారు. ఇప్పుడు ఆట తెరవగానే బూరలు మోగుతాయి, పూలు రాలుతాయి, 'మీరు చెట్టు ఎక్కేశారు! అభినందనలు!' అని వస్తుంది. అంతే. ఆట మొత్తం అదే.

జనం సగటున పదకొండు సెకన్లు ఆడారు. అందులో తొమ్మిది సెకన్లు ఆట ఎట్లా మూయాలో వెతుక్కోవడానికి పోయాయి. 'నేనేం చేశాను?' అని వందల మంది రాశారు. సంస్థ ఆ వ్యాఖ్యలను 'జిజ్ఞాస' అనే పద్దు కింద వేసుకుంది. పతనాలు మాత్రం సున్నా. సంతృప్తి ప్లేవర్క్స్ వారు శూన్య పతన పురస్కారమొకటి స్థాపించి, దానికి సంతృప్తి ప్లేవర్క్స్ వారినే ఎంపిక చేసి, సభ పెట్టి ఇచ్చుకున్నారు. వేదిక మెట్లు మూడే. రెండో మెట్టు దగ్గర విశ్వంభర్ గారు కాలు తట్టుకుని తూలారు. వీడియోలో ఆ ముక్క లేదు.

పురస్కారం వచ్చిన వారానికి ఆజ్ఞ వచ్చింది. పాత ఆట, అంటే అరవై అడుగుల చెట్టూ కల్లూ పడటమూ ఉన్నది, ఎక్కడున్నా సరే శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా చెరిపేయాలి. మా కంప్యూటర్లలోది కూడా. చెరిపామని స్వరూప ధ్రువపత్రం మీద సంతకం చేసి, విశ్వంభర్ గారి ఎదుట దాఖలు చేయాలి. ఒప్పందం ప్రకారం అది వాళ్ల హక్కేనని మేం అడిగిన లాయరూ చెప్పాడు.

ఆ ఫైళ్లలో సాంబయ్య చేతులున్నాయి. ఆ చేతులతో ఆయన ఇక చెట్టెక్కడు. ఆయన తర్వాత వాళ్ల ఇంట్లో ఎక్కేవాళ్లు లేరు. చెరిపితే ఇక ఆ ఎక్కడం ఎక్కడా లేదు.

బుధవారం ఇబ్రహీం ఫోన్ చేశాడు. వాళ్ల కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే మనిషి. పాత ఆట ఎక్కడెక్కడుందో తనిఖీ చేసే పని ఆయనకే అప్పగించారు.

"సదానందం అన్నా, ఓ ముచ్చట చెప్తా, నవ్వొద్దు."

"నవ్వే పరిస్థితిలో లేను."

"మా ఆఫీసులోనే నాలుగు వందల పన్నెండు ఫోన్లల్ల ఉంది మీ చెట్టు. పరీక్షకులు ఒకరికిచ్చిండ్రు, వాళ్లు ఇంకొకరికిచ్చిండ్రు. అందరూ పడుతున్నరు. న్యాయ విభాగం వాళ్లైతే భోజనం మానేసి పడుతున్నరు."

అప్పుడు నాకు వాళ్ల సంస్థ పత్రికలో చదివిన వ్యాసం గుర్తొచ్చింది. రాసింది విశ్వంభర్ గారే. 'మన సిబ్బంది ఇటీవల పని మధ్యలో తల వంచి, రెండు బొటనవేళ్లు జోడించి, మౌనముగా ఉండుట గమనించితిని. సంస్థ పట్ల వారి కృతజ్ఞతా భావమునకు నా కన్నులు చెమర్చినవి.' కృతజ్ఞత కాదు స్వామీ. చెట్టుకు మొక్కుతున్నారు.

"అన్నా, ఆగు, అసలుది చెప్పలే," అన్నాడు ఇబ్రహీం. ఆట ఎవరు ఎన్నిసార్లు పడ్డారో తనే గుర్తుపెట్టుకుంటుంది. "అందరికంటె ఎక్కువ పడ్డ ఫోను ఒకటుంది. వెయ్యిన్నూట నలభై సార్లు. ఒక్కసారి గూడ మూడో మట్ట దాటలే. ఆ ఫోను ఎవరిదో చెప్తే నా నౌకరి పోతది."

చెప్పాడు.

శుక్రవారం నాలుగింటికి వెళ్లాం. స్వరూప, నేను, పట్టుబట్టి వచ్చిన సాంబయ్య. బల్ల మీద ధ్రువపత్రం, పక్కన పెన్ను. ఆజ్ఞ ఇచ్చినవారు ఎదురుగా ఉన్నారు. స్వరూప పెన్ను తీసుకుంది. దాని మూత తీస్తూ పెడుతూ ఉంది.

విశ్వంభర్ గారు లేచి తలుపు వేశారు. తిరిగొచ్చి గొంతు సవరించుకున్నారు.

"సాంబయ్య గారూ. సంతకమునకు ముందు... ఒక సాంకేతిక సందేహము." జేబులోంచి ఫోను తీశారు. "నేను కాదు. నాకు తెలిసిన ఒక వ్యక్తి. మూడో మట్ట దగ్గర ప్రతిసారీ..."

"పడ్తడా?"

"పతన..." అని ఆగి, ఎవరైనా వింటున్నారా అని తలుపు వైపు చూసి, "పడతాడు," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

"ఎక్కు, చూస్త."

ఆయన మొక్కారు. ఎక్కారు. నిజం చెప్పాలి, బాగానే ఎక్కారు. మూడో మట్ట దగ్గర మోకు వదులుచేయగానే సాంబయ్య కర్రతో బల్ల మీద కొట్టాడు.

"ఆగు. కిందికెందుకు చూస్తున్నవ్?"

"ఎంత ఎత్తులో ఉన్నానో తెలియాలి కదండీ."

"తెలిసి ఏం జేస్తవ్? మోకును చూడు. నీ పానం మోకుల ఉన్నది, నేల మీద లేదు. ఊ, ఇప్పుడు దాటియ్."

విశ్వంభర్ గారి నుదుటి మీద చెమట. మోకు లేచింది, మట్ట మీదుగా జారింది, అవతల పడి బిగుసుకుంది.

"ఎక్కాను!" అని ఆయన పెట్టిన కేకకు అద్దాలు అదిరాయి. తలుపు బయట చప్పట్లు. ఆ అంతస్తంతా లేచి నిలబడి కొడుతోంది. ఏం ఎక్కారని ఒక్కరూ అడగలేదు.

ఆయన తెప్పరిల్లి, బొటనవేళ్లు ఫోను మీద అట్లాగే నొక్కిపెట్టి, మళ్లీ ఉపాధ్యక్షులైపోయారు. "ఈ అనుభవం దృష్ట్యా, పాత ఆటను పూర్తిగా చెరపడం సముచితం కాదని భావిస్తున్నాను. దీనిని మా సిబ్బంది అంతర్గత మానసిక వికాస సాధనముగా భద్రపరుస్తాము. మీ వద్ద ఉన్నది మాత్రం చెరిపేయాలి. బయటి ప్రజానీకం ఇంతటి పతనాన్ని తట్టుకోలేరు."

"అంటే సారూ," అన్నాడు సాంబయ్య, "మీరు పడొచ్చు. మావోళ్లు పడొద్దు."

విశ్వంభర్ గారి చూపు ఫోను మీదే ఉంది. మెల్లగా ఆయన ముఖం రంగు మారింది.

"సాంబయ్య గారూ. ఇప్పుడు ఎలా దిగాలి?"

మేం ముగ్గురం ఆ తెర చూశాం. అరవై అడుగుల ఎత్తున, మట్టల మధ్య, ఆయన మనిషి మోకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతులు సాంబయ్యవి, కాళ్లు నావి. బొటనవేలు తీస్తే పడతాడు. కదిపినా పడతాడు.

"దిగుడు వేరే తీరుంటది సారూ," అన్నాడు సాంబయ్య, కర్ర అందుకుంటూ. "ఎక్కుడు కంటె కష్టం. సదానందానికి గూడ రాదు."

"చెప్పండి మరి!"

"చెట్టును నిలవెట్టు. చెప్త."

స్వరూప పెన్ను మూత పెట్టింది. సంతకం లేని ధ్రువపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. గడియారం అయిదు దాటింది. లిఫ్టు దగ్గరికి నడుస్తుంటే వెనక నుంచి "సాంబయ్య గారూ!" అని వినబడుతూనే ఉంది.

ఇది జరిగి నాలుగు రోజులు. ఇబ్రహీం చెబుతున్నాడు, విశ్వంభర్ గారు ఇంకా పైనే ఉన్నారట. ఫోనుకు చార్జరు తగిలించారు. జీడిపప్పు బిస్కెట్లు ఎవరో నోట్లో పెడుతున్నారు. సంతకాల కోసం వచ్చిన ఫైళ్లు గది బయట గుమ్మం దాకా పేరుకున్నాయి. వెయ్యిన్నూట నలభై సార్లు పడ్డవాడు ఇంకోసారి పడలేడా అంటారేమో. పడలేడు. పైకి వెళ్లడం ఎంత కష్టమో జీవితంలో మొదటిసారి తెలిసింది ఆయనకు. పడే వీలుంది గనకే తెలిసింది.

కాబట్టి సంతృప్తి ప్లేవర్క్స్ వారూ, మేధోమథనం వద్దు, రిసార్టు వద్దు, ఎర్ర అక్షరాలు వద్దు. పూడ్చిన చెట్టును తవ్వి తీయండి. అరవై అడుగులూ నిలబెట్టండి, ఒక్క అడుగు తగ్గినా ఒప్పుకోం. లొట్టిలో కల్లు పోయండి. పడటం ఎక్కడుండేదో అక్కడే పెట్టి, మీరు చాటుగా ఆడుకుంటున్న ఆటనే మా ఊళ్లకు పంపండి. సాంబయ్య ఇంట్లోనే ఉన్నాడు, ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. చెట్టు లేచిన మరుక్షణం మీ ఉపాధ్యక్షుణ్ణి దించుతాడు.

అందాకా ఆయన్ను కిందికి చూడొద్దని చెప్పండి.